బాబు మరీ మెత్తగా ఉన్నాడంటున్నారు, ఆగి చూడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఇవాళ్టికి 19 రోజులు. నెలలు నిండాకే పుట్టాడు, బరువు 2.8 కిలోలు. పుట్టాక కొంచెం ఆలస్యంగా ఏడ్చాడన్నారు కానీ మూడో రోజే ఇంటికి పంపేశారు. పెద్దగా ఏడవడు, ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉంటాడు. ఎంత బుద్ధిమంతుడో అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఎత్తుకున్నప్పుడల్లా చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉండేది. మొన్న చెకప్‌కి వెళ్తే పిల్లల డాక్టరు గారు ఐదు నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసి ‘కండరాల టోన్ తక్కువగా ఉంది, హైపోటోనియా’ అన్నారు. రక్త పరీక్షలు, తలకి స్కానింగ్, జెనెటిక్ టెస్టులు రాశారు. మా అత్తగారేమో పసిపిల్లలందరూ మెత్తగానే ఉంటారు, మూడో నెలకి మెడ నిలబడుతుంది, అప్పటిదాకా ఆగుదాం అంటున్నారు. మా ఆయన ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. బాబు కళ్లు తెరిచి నా ముఖమే చూస్తూ ఉంటాడు. పాలు తాగడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. ఐదు నిమిషాల్లో అంత పెద్ద మాట ఎలా చెప్పేస్తారు? ఇన్ని పరీక్షలు అవసరమా? ఆగితే ఏమవుతుంది? నా వల్ల జరిగిన పొరపాటు ఏమైనా ఉందా?
ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నేను ఆగిపోయిన చోటు ‘పాలు తాగడానికి మాత్రం చాలాసేపు పడుతుంది’ అన్న మాట దగ్గర. హైపోటోనియా అన్న పేరు కన్నా నాకు అదే ముఖ్యంగా కనిపించింది. అందుకే పరీక్షల సంగతికి వచ్చే ముందు ఒక పని చేయండి. బాబు నిద్రపోతున్నప్పుడు ఒంటి మీది బట్ట తీసి, మంచి వెలుతురులో ఒక నిమిషం పాటు ఊపిరి చూడండి. పసివాళ్లు ఊపిరి తీస్తే పొట్ట లేచి దిగుతుంది, అది మామూలే. అయితే పొట్ట పైకి లేచే క్షణంలోనే ఛాతీ లోపలికి గుంజుకుపోతుంటే, లేదా నిమిషానికి 60 సార్లు దాటి ఊపిరి తీస్తుంటే ఆలస్యం చేయొద్దు. పాలు తాగుతూ మాటిమాటికీ పొలమారి పెదవులు నీలంగా మారినా, ఏడుపు రోజురోజుకీ సన్నగిల్లిపోతున్నా, పాలకి కూడా లేవకపోయినా, ఒళ్లు వేడెక్కినా, చల్లబడినా, చేతులు కాళ్లు లయగా కొట్టుకున్నా అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకో మాట. నిన్నటిదాకా బాగానే ఉన్న బిడ్డ ఇవాళ ఉన్నట్టుండి వాడిపోయినట్టు మెత్తబడితే, అది ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకుతోందనడానికి మొదటి గుర్తు కావచ్చు. దానికి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకూడదు.

ఇవేవీ లేవనుకుందాం. అప్పుడు బరువు చూపించండి. పుట్టాక తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. ఆ తర్వాత రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ప్రతిసారీ అరగంట దాటి తాగుతూ మధ్యలోనే అలిసిపోయి నిద్రపోతున్నాడంటే అది బద్ధకం కాదు. చప్పరించడానికి కూడా కండరాలే కావాలి. ఈ విషయం మీ డాక్టరు గారికి చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. చెప్పకపోతే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

మీరు అడిగిన అసలు ప్రశ్నకి నా జవాబు: ఆగొద్దు. హడలిపోవాల్సిన పని లేదు, కానీ మూడో నెల దాకా మాత్రం ఆగొద్దు. ఎందుకో చెప్తాను.

ముందు ఈ టోన్ అంటే ఏమిటో చూద్దాం. మీరు కుర్చీలో ఊరికే కూర్చున్నా మీ మెడ తలని మోస్తూనే ఉంటుంది, నడుము వంగిపోకుండా నిలబడే ఉంటుంది. అందుకోసం మీరు ప్రత్యేకంగా ఏమీ చేయడం లేదు. కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా తనలో ఉంచుకునే ఆ కొద్దిపాటి బిగువే టోన్. బలం వేరు. బరువు ఎత్తడానికో కాలు జాడించడానికో కండరం చూపించే శక్తి బలం. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లే సగం గందరగోళం వస్తుంది. బిగువు తక్కువైనా బలం బాగానే ఉండే పిల్లలున్నారు. బిగువుతోపాటు బలమూ లేని పిల్లలున్నారు. ఈ రెండు రకాల పిల్లల దారులు వేరు, తొందర కూడా వేరు. అందుకే మీరు డాక్టరు గారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఇది ఏ జబ్బు’ అని కాదు, ‘మా వాడిలో తగ్గింది బిగువు ఒక్కటేనా, బలం కూడానా’ అని. హైపోటోనియా అనేది జబ్బు పేరు కాదమ్మా. జ్వరం లాగా అదొక లక్షణం. దాని వెనుక తేలిగ్గా పోయేవీ ఉంటాయి, మందుతో నయమయ్యేవీ ఉంటాయి, జీవితాంతం తోడుండేవీ ఉంటాయి.

ఇక ఐదు నిమిషాల్లో ఎలా చెప్పేస్తారన్నారు. చెప్పగలరు, ఎందుకంటే నెలలు నిండిన పసిబిడ్డ ఒంటికి ఒక తీరు ఉంటుంది. పడుకోబెడితే పిడికిళ్లు ఛాతీ దగ్గరికి, మోకాళ్లు పొట్టవైపుకి ముడుచుకుని ఉంటాయి. చేతిని మెల్లగా నిటారుగా లాగి వదిలితే స్ప్రింగులా వెనక్కి వెళ్తుంది. బిగువు తక్కువున్న బిడ్డ చెయ్యి లాగిన చోటే ఉండిపోతుంది. కాళ్లు కప్ప కాళ్లలా రెండు పక్కలకీ విచ్చుకుని, తొడలు పరుపుని తాకుతూ పడి ఉంటాయి. బట్టలు విప్పి పడుకోబెట్టిన క్షణంలోనే అనుభవమున్న కంటికి ఇది కనిపిస్తుంది. ఆ తర్వాత చేసేదంతా చూసింది నిజమో కాదో తేల్చుకోవడమే.

మీ డాక్టరు గారు బాబు రెండు చేతులూ పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టినట్టు లేపి ఉంటారు. అప్పుడు పసివాళ్లందరి తలా కొంత వెనక్కి వాలుతుంది. కానీ మామూలు బిడ్డ మోచేతులు కొద్దిగా వంచి తన వంతుగా లాగుతాడు, కూర్చునేసరికి తల ఒక్క క్షణమైనా భుజాల మీద నిలిచి ముందుకి పడుతుంది. బిగువు లేని బిడ్డ చేతులు తాడులా సాగి, తల వెనక్కి వేలాడుతూనే ఉంటుంది. తర్వాత పొట్ట కింద అరచేయి వేసి బోర్లా గాల్లోకి లేపుతారు. మామూలు బిడ్డ వీపు కొంచెం నిలిపి, చేతులు కాళ్లు ముడిచి, తల కాసేపు ఒంటి వరసలోకి తేవడానికి చూస్తాడు. బిగువు లేని పిల్లలు మాత్రం అరచేతి మీద ఆరేసిన తడిగుడ్డలా రెండు వైపులా వేలాడతారు. ఇక మూడోది మీకు బాగా తెలిసిందే. చంకల కింద పట్టుకుని నిలువుగా లేపితే భుజాలు చెవుల దాకా జరిగి, బిడ్డ మీ చేతుల మధ్యలోంచి కిందికి జారతాడు. ‘జారిపోతున్నట్టు ఉండేది’ అని మీరు రాశారు చూడండి, వైద్య పుస్తకాల్లో ఆ పరీక్ష వర్ణన అచ్చం అలాగే ఉంటుంది. ఎవరూ చెప్పకముందే మీ చేతులు పసిగట్టాయి. చేతిని మెడ మీదుగా అవతలి భుజం వైపు లాగితే మోచేయి ఛాతీ మధ్య గీత దాటి సులువుగా వెళ్లిపోవడం కూడా ఇలాంటి గుర్తే.

అయితే ఈ పరీక్షకి వేళ కుదరాలి. కడుపు నిండా పాలు తాగి మత్తుగా ఉన్న బిడ్డా, ఆకలితో గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డా ఇద్దరూ తప్పుదారి పట్టిస్తారు. గది చల్లగా ఉన్నా, పచ్చకామెర్లు బాగా ఎక్కినా, తల ఒక పక్కకి తిరిగి ఉన్నా ఫలితం మారుతుంది. తల నడిమధ్యన ఉండి, బిడ్డ మెలకువగా, నిమ్మళంగా ఉన్న పది నిమిషాలు దొరికితే మంచిది. మీవాడు ఆ రోజు నిద్రమత్తులో ఉన్నాడని మీకు అనిపిస్తే, రెండు పాలకి మధ్య వేళలో ఇంకోసారి చూడమని అడగండి. మంచి డాక్టరెవరూ దానికి చిన్నబుచ్చుకోరు. నేనైతే ఒక్కసారి చూసి ఎప్పుడూ తేల్చను. ఒకటి రెండు రోజుల తేడాతో రెండుసార్లు చూస్తాను. రెండోసారి చూడాలన్న కారణంతో మొదటి రక్త పరీక్షలు మాత్రం ఆపను.

మీ అత్తగారి మాటలోనూ నిజముంది. మెడ మూడు నాలుగు నెలలకే నిలబడుతుంది. 19 రోజుల వాడికి మెడ నిలబడలేదని ఎవరూ కంగారు పడరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు పెద్దావిడ అన్నట్టు మెత్తగానే ఉంటారు కూడా. ఏడో నెలలో పుట్టిన బిడ్డ కాళ్లు చేతులు చాపుకునే పడి ఉంటాడు, బిగువు కాళ్ల నుంచి మొదలై వారాల మీద పైకి పాకుతుంది. కానీ మీవాడు నెలలు నిండాక పుట్టాడు. ఇక్కడ డాక్టరు గారు చూసింది మెడ ఒక్కటే కాదు, మొత్తం ఒంటి తీరు. ఆ తేడా ఆవిడకి నెమ్మదిగా చెప్పండి. వీలైతే తర్వాతిసారి ఆవిడని కూడా వెంట తీసుకెళ్లండి. ఆవిడ మనవడి కోసమే అంటున్నారు, డాక్టరు గారు ఆ పరీక్ష ఆవిడ కళ్లెదుటే చేసి చూపిస్తే ఇంట్లో వాదన సగం తగ్గుతుంది.

బుద్ధిమంతుడని అందరూ మెచ్చుకున్నారన్న మాట చదివితే నాకు దిగులేసింది. ఏడవని, కదలని పసిబిడ్డని మెచ్చుకోవడం అన్ని ఇళ్లలోనూ జరుగుతుంది. అందుకే ఇలాంటి పిల్లల్ని పోల్చుకోవడం తరచూ ఆలస్యమవుతుంది. పసివాడు గొడవ చేయాలి. కాళ్లు తన్నాలి, పాల కోసం అరవాలి, బట్టలు మారుస్తుంటే మొరాయించాలి.

ఇక కారణం వెతకడం. డాక్టర్లు దీన్ని రెండు పెద్ద దారులుగా చూస్తారు. ఆజ్ఞ ఇచ్చే మెదడు వైపు లోపముందా, లేక ఆ ఆజ్ఞని మోసే నాడులు, అందుకునే కండరాల వైపా. ఎక్కువమంది పిల్లల్లో మొదటిదే. ఆ పిల్లలు సాధారణంగా మగతగా, చుట్టూ ఏం జరుగుతోందో పట్టనట్టు ఉంటారు. కొందరికి ఫిట్స్ వస్తాయి. అయినా మోకాలి దగ్గర చిన్న సుత్తితో తడితే కాలు ఎగురుతుంది, గిల్లితే గట్టిగానే లాక్కుంటారు. అంటే బిగువు పోయినా బలం ఉంది. నాడీ కండరాల వైపు లోపమైతే కథ తిరగబడుతుంది. ముఖం, కళ్లు చురుగ్గా ఉంటాయి, మీ వంక చూస్తారు, కానీ చెయ్యి పరుపు మీంచి పైకి లేవదు, సుత్తితో తట్టినా కాలు కదలదు. వెన్నుపాములోని నాడీకణాలు చనిపోయే ఎస్‌ఎంఏ అనే జబ్బులో నాలుక మీద సన్నగా పురుగులు పాకుతున్నట్టు కదలిక కనిపిస్తుంది. అది ఏడవకుండా నోరు తెరిచి ఉన్నప్పుడే చూడాలి, ఏడ్చేటప్పుడు ఎవరి నాలుకైనా వణుకుతుంది.

మీవాడు కళ్లు తెరిచి మీ ముఖమే చూస్తున్నాడని రాశారు. అది సంతోషించాల్సిన మాటే. మెదడు మెలకువగా ఉందనడానికి గుర్తు. అదే సమయంలో, చురుకైన కళ్లు, మెత్తని ఒళ్లు, నెమ్మదైన చప్పరింపు మూడూ కలిసినప్పుడు ఏ డాక్టరైనా రెండో దారిని కూడా తప్పకుండా చూసి తీరాలి. మీవాడికి ఫలానాది ఉందని నేను అనడం లేదు, ఉత్తరం చదివి అలా అనకూడదు కూడా. ఒక్కటి గమనించండి. స్నానం చేయించేటప్పుడు గానీ బట్టలు మార్చేటప్పుడు గానీ మోకాళ్లు పరుపు మీంచి పైకి లేపుతున్నాడా, మోచేతిని గాల్లోకి ఎత్తుతున్నాడా? ఆ ఒక్క సంగతి డాక్టరు గారికి ఎంతో ఉపయోగపడుతుంది.

పరీక్షలన్నీ ఒకేసారి రాశారని భయపడ్డారు కదా, వాటికి ఒక వరస ఉంది. ముందు చేసేవి తేలిగ్గా చేయగలిగినవి, వెంటనే సరిదిద్దగలిగినవి. రక్తంలో చక్కెర, కాల్షియం, మెగ్నీషియం, సోడియం లాంటి లవణాలు, ఇన్ఫెక్షన్ గుర్తులు. వీటితోపాటు థైరాయిడ్. దీని గురించి గట్టిగా చెప్తున్నాను. పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న పిల్లలు కూడా ఇలాగే మెత్తగా, ఏడవకుండా, పాలు నెమ్మదిగా తాగుతూ ఉంటారు. పుట్టిన రెండు వారాల్లోపు మాత్ర మొదలుపెడితే మెదడు ఎదుగుదల దెబ్బతినకుండా చూసుకోవచ్చు. మీవాడికి ఆ రెండు వారాలు దాటాయి. పుట్టినప్పుడు మడమ గుచ్చి రక్తపు చుక్కలు తీసి ఉంటే దాని ఫలితం ఏమైందో ఇవాళే అడగండి. తీయకపోతే టీఎస్‌హెచ్, టీ4 రేపు ఉదయమే చేయించండి. మిగతా పరీక్షల మీద ఇంట్లో చర్చ ఎంతసేపైనా జరగనివ్వండి, ఇది మాత్రం చర్చలో పెట్టకండి.

తర్వాత సీపీకే అనే రక్త పరీక్ష. కండరం దెబ్బతింటే ఇది పెరుగుతుంది. ప్రసవపు ఒత్తిడికే మొదటి కొన్ని రోజులు ఇది ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడు చేస్తే పొరబడతాం. మీవాడి వయసుకి చేయొచ్చు. సీపీకే మామూలుగా ఉన్నంత మాత్రాన నాడీ కండరాల జబ్బు లేదని కాదు, ఎస్‌ఎంఏలో చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. గుండెకి ఎకో రాస్తే కంగారు పడకండి. పాంపే అనే అరుదైన జబ్బులో ఒళ్లు మెత్తబడటంతోపాటు గుండె పెద్దదవుతుంది, దానికి 2006 నుంచి ఎంజైమ్ మందు ఉంది, అందుకని చూస్తారు. తలకి స్కానింగ్ అంటే మాడు మీద పెట్టి చూసే అల్ట్రాసౌండ్ అయితే అది మీ ఒళ్లోనే అయిపోతుంది. ఎమ్మారై అయినా ఈ వయసులో చాలాసార్లు మత్తు అక్కర్లేదు. కడుపు నిండా పాలు పట్టి, గుడ్డలో వెచ్చగా చుట్టి, చెవులకి అడ్డం పెట్టి నిద్రలోనే తీసేస్తారు. నెలలు గడిచేకొద్దీ ఈ వీలు పోతుంది. కండరంలో సూది పెట్టి చేసే ఈఎంజీ, కండరం ముక్క తీసి చూడటం లాంటివి ఈ రోజుల్లో చివర్న, జన్యు పరీక్షలు తేల్చకపోతేనే.

జన్యు పరీక్షల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే మోసపోతారు. ‘జెనెటిక్ టెస్ట్ చేయించాం, నార్మల్ వచ్చింది’ అంటారు. ఏ టెస్టు అని అడిగితే తెలియదు. అన్నీ చూసేసే ఒకే టెస్టు అంటూ లేదమ్మా. క్రోమోజోముల సంఖ్య చూసే కేరియోటైప్ డౌన్ సిండ్రోమ్‌ని పట్టేస్తుంది, ఎస్‌ఎంఏని పట్టలేదు. ఎస్‌ఎంఏకి ఎస్‌ఎంఎన్1 అనే జన్యువులో ఒక ముక్క ఉందో లేదో విడిగా చూడాలి. ఆ జబ్బున్నవాళ్లలో దాదాపు 95 శాతం మందిలో తల్లి నుంచి వచ్చిన ప్రతిలోనూ, తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనూ ఆ ముక్క ఉండదు. దాని పక్కనే అచ్చం అలాంటిదే ఇంకో జన్యువు ఉండటంతో, వేల జన్యువుల్ని ఒకేసారి చదివే ఎక్సోమ్ పరీక్ష కూడా దీన్ని దాటేసే అవకాశముంది. పసితనంలో బాగా మెత్తగా, పాలు చప్పరించలేక, సన్నగా ఏడుస్తూ ఉండే ప్రాడర్ విల్లి సిండ్రోమ్‌కి మిథైలేషన్ పరీక్ష కావాలి. అది 99 శాతానికి పైగా పట్టేస్తుంది. మగపిల్లల్లో వృషణాలు సంచిలోకి దిగకపోవడం కూడా దాని గుర్తుల్లో ఒకటి, మీ డాక్టరు గారు అక్కడ చూశారో లేదో అడగండి. బిగిసిన కండరం వెంటనే వదులు కాని మయోటోనిక్ డిస్ట్రోఫీ అనే జబ్బుకి ఇంకో విడి పరీక్ష. కాబట్టి ల్యాబ్ కాగితం మీద టెస్టు పేరేమిటో చదివించుకోండి, ఎస్‌ఎంఎన్1, పీడబ్ల్యూఎస్ (ప్రాడర్ విల్లి) మిథైలేషన్ అందులో ఉన్నాయా లేదా అని అడగండి.

మయోటోనిక్ డిస్ట్రోఫీ అనగానే నాకు చదువుకునే రోజులు గుర్తొస్తాయి. వార్డులో ఒక పసిపాప మంచం చుట్టూ మేమంతా నిలబడి ఉన్నాం. ఎన్నో పరీక్షలు చేశాం, ఏదీ తేలలేదు. మా పెద్ద డాక్టరు వచ్చి పాప వైపు ఒక్కసారి చూసి, తల్లి వైపు తిరిగి ‘అమ్మా, పిడికిలి గట్టిగా బిగించి, నేను చెప్పగానే చటుక్కున విప్పు’ అన్నారు. ఆమె బిగించింది. విప్పమనగానే విప్పలేకపోయింది. బొటనవేలు లోపలే ఉండిపోయి, వేళ్లు ఒక్కొక్కటిగా, ఏదో జిగురులోంచి ఊడొస్తున్నట్టు తెరుచుకున్నాయి. అదేమీ జబ్బని ఆమెకి అప్పటిదాకా తెలియదు. పుట్టుకతో వచ్చే ఈ రకం దాదాపు ఎప్పుడూ తల్లి వైపు నుంచే వస్తుంది, తల్లిలో అంత తేలిగ్గా ఉండి బిడ్డలో తీవ్రంగా కనిపిస్తుంది. ఆ రోజు నుంచి పసిబిడ్డ మెత్తగా ఉంటే నేను తల్లి పిడికిలి చూడకుండా వదల్లేదు. అలాగే మీకు కండరాలు త్వరగా అలిసిపోయే మయస్తీనియా అనే జబ్బు ఉన్నా, కడుపుతో ఉన్నప్పుడు బీపీకో ఫిట్స్‌కో ఏమైనా మందులు వాడినా చెప్పండి. ప్రసవ సమయంలో తల్లికిచ్చే మెగ్నీషియం వల్ల బిడ్డ మొదటి ఒకటి రెండు రోజులు మెత్తబడతాడు కానీ అది 19 రోజుల దాకా ఉండదు. తేనె నాకించారేమో కూడా దాచకుండా చెప్పండి. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదు, అందులో ఉండగల బాట్యులినమ్ క్రిమి పేగుల్లో పెరిగి, ముందు మలబద్ధకం, తర్వాత కనురెప్పలు వాలడం, ఒళ్లు మెత్తబడటం తెస్తుంది.

కడుపులో కదలికలు మొదటి నుంచీ తక్కువగా ఉండేవా, ఉమ్మనీరు ఎక్కువుందన్నారా, ఎదురుకాళ్లతో ఉన్నాడన్నారా, మీరిద్దరూ దగ్గరి బంధువులా, ఇరువైపులా పసితనంలో పోయిన పిల్లలున్నారా, ఇవన్నీ రాసి పెట్టుకోండి. కడుపులోనే సరిగ్గా మింగలేని బిడ్డకి ఉమ్మనీరు పెరుగుతుంది. ఈ కథే చాలాసార్లు సగం రోగనిర్ధారణ చేసేస్తుంది.

ఆలస్యంగా ఏడ్చాడన్నది కూడా ఒకసారి విప్పి చూడాలి. పుట్టిన 1, 5 నిమిషాలకి వేసే అప్గార్ స్కోరు డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. వర్జీనియా అప్గార్ అనే మత్తు డాక్టరు 1952లో రూపొందించిన ఆ స్కోరులోని ఐదు అంశాల్లో ఒకటి ఈ కండరాల బిగువే. పుట్టినప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతినడం హైపోటోనియాకి పెద్ద కారణమే. కానీ అలా తీవ్రంగా దెబ్బతిన్న బిడ్డని మూడో రోజే ఇంటికి పంపరు. ఇంకో కోణం ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ముందునుంచే కండరాలు మెత్తగా ఉన్న బిడ్డ పుట్టగానే గట్టిగా ఏడవలేడు. అంటే ఆలస్యంగా ఏడవడం కారణం కాకుండా ఫలితమై ఉండొచ్చు. ‘పుట్టినప్పుడు ఏడవలేదు కదా, అందుకే’ అని అక్కడితో కథ ముగించేస్తే అసలు కారణం దొరకకుండా పోతుంది.

ఇప్పుడు ఎందుకు ఆగొద్దన్నానో. ఎస్‌ఎంఏ దాదాపు 10,000 మందిలో ఒకరికి వచ్చే జబ్బు. మా తరం డాక్టర్లు దానికి మందు లేని రోజుల్లో చదువుకున్నాం. ఆ రోజుల్లో రెండు నెలలు ఆగితే పోయేదేం లేదనుకునేవాళ్లం, నేనూ ‘చూద్దాంలెండి’ అని పంపేసిన పిల్లలున్నారు, ఆ ముఖాలు నేను మర్చిపోలేదు. 2016 డిసెంబరులో అమెరికాలో మొదటి మందు నుసినెర్సెన్‌కి అనుమతి వచ్చింది, 2019లో జన్యు చికిత్స, 2020లో నోటితో వేసే రిస్డిప్లామ్. మందు లేకపోతే ఈ జబ్బులోని తీవ్ర రకం పిల్లలు ఆసరా లేకుండా ఎప్పటికీ కూర్చోలేరు. లక్షణాలు రాకముందే మందు పడ్డ పిల్లల్లో చాలామంది కూర్చున్నారు, నడిచారు. చనిపోయిన నాడీకణాన్ని ఏ మందూ తిరిగి తేలేదు, మిగిలినవాటినే కాపాడుతుంది. అందుకే వారాలకి కూడా విలువుంది, కొన్ని దేశాల్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ రక్తంతోనే ఈ పరీక్ష చేస్తున్నారు. మీవాడికి అది లేదని తేలడానికే అవకాశాలు ఎక్కువ. లేదని తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు, ఉండీ ఆగడం వల్ల జరిగే నష్టం ముందు ఏపాటిది?

మీ పొరపాటు ఉందా అన్నారు. లేదమ్మా. మీరు పడుకున్న తీరు, చేసిన పని, పడ్డ కోపం, మనసులో పెట్టుకున్న దిగులు, ఇవేవీ బిడ్డ కండరాల్ని మెత్తబరచవు. జన్యువుల్లో తేడా ఉందని తేలినా అది ఎవరూ ఎంచుకుని ఇచ్చింది కాదు. తల్లిదండ్రులిద్దరూ పూర్తి ఆరోగ్యంగా ఉండి కూడా తమకి తెలియకుండా దాన్ని మోస్తూ ఉండొచ్చు, కొన్నిసార్లు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. ఈ పేరా మీ ఆయనకీ, అత్తగారికీ చదివి వినిపించండి.

అన్ని పరీక్షలూ అయ్యాక కూడా ఏ పేరూ దొరకని పిల్లలున్నారు. వాళ్లలో కొందరు నెలలు గడిచేకొద్దీ గట్టిపడి, కొంచెం ఆలస్యంగానైనా కూర్చుని నడిచేస్తారు. కానీ ఆ మాట అన్నీ చూశాక చివర్న అనాల్సింది, ఏమీ చూడకుండా మొదట్లోనే అనాల్సింది కాదు. ఫిజియోథెరపీకి పేరు దొరికేదాకా ఆగక్కర్లేదు, ఈ వారమే మొదలుపెట్టొచ్చు. ఒళ్లు పిసికితేనో మర్దనా చేస్తేనో బిగువు వస్తుందని ఎవరైనా అంటే చేతులూ కాళ్లూ గట్టిగా లాగనివ్వకండి, ఈ పిల్లల కీళ్లు వదులుగా ఉంటాయి, తుంటి కీలు తేలిగ్గా తొలుగుతుంది.

అపాయింట్‌మెంట్‌కి వెళ్లేలోపు ఫోన్‌తో మూడు చిన్న వీడియోలు తీయండి. బట్టల్లేకుండా వెల్లకిలా మెలకువగా ఉన్నప్పుడు ఒకటి, నిద్రలో ఛాతీ పొట్ట కనిపించేలా ఒకటి, పాలు తాగడం మొదలైనప్పటి నుంచి కొన్ని నిమిషాలు ఒకటి. క్లినిక్‌లో బిడ్డ ఏడుస్తూనో నిద్రపోతూనో ఉంటే ఇవే ఆధారం.

అంతవరకు చంకల కింద పట్టి పైకి లేపకండి. ముందు పక్కకి తిప్పి, ఒక అరచేయి తల, మెడ కిందా, రెండోది పిరుదుల కిందా వేసి మీ ఒంటికి దగ్గరగా లాక్కుని లేవండి. ఒళ్లో కూర్చోబెట్టినట్టు ఉంచినప్పుడు గడ్డం ఛాతీకి ఆనుకోనివ్వకండి, ఊపిరి దారి మూసుకుంటుంది. పాలిచ్చేటప్పుడు గడ్డం కింద ఒక వేలు మెల్లగా ఆనిస్తే చప్పరించడం సులువవుతుంది. వెల్లకిలానే నిద్రపుచ్చండి. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం రోజుకి కొన్నిసార్లు మీ ఛాతీ మీద బోర్లా వేసుకుని, తల ఎత్తి మీ ముఖం వెతుక్కోనివ్వండి. థైరాయిడ్ ఫలితం రాగానే నాకు రాయండి.